ఆళ్ళగడ్డ రాళ్ళ షెడ్డుకి జవాబులు మోసుకెళ్ళాం

మిడుతూరు నుంచి నంద్యాలకు పోయి, అక్కణ్ణుంచి ఆళ్ళగడ్డ చూసొచ్చి దాన్ని యాత్ర అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా సంఘంలో ఇప్పటికే నవ్వారు. యెరూషలేము వెళ్ళొచ్చినవాళ్ళు యొర్దాను నీళ్ళు సీసాల్లో తెచ్చి పంచారు కదా, నువ్వేం తెచ్చావని అడిగారు. నేను తెచ్చింది సీసాలో పట్టేది కాదు. వచ్చి ఇన్నాళ్ళైనా నన్ను ఒకచోట కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అందుకే రాస్తున్నాను.

నంద్యాలలో ఒక సంఘం వాళ్ళు ‘విశ్వాస సమర్థన’ అని ఒక శిక్షణ పెట్టారు. పక్కింటివాడో, బస్సులో పక్క సీటువాడో ‘మీ దేవుడే నిజమని ఎట్లా చెప్తావు’ అని అడిగితే కోపం తెచ్చుకోకుండా, తడబడకుండా, కారణాలు చూపించి సువార్త చెప్పడం ఎలాగో మామూలు విశ్వాసులకు నేర్పుతారట. చుట్టుపక్కల సంఘాల నుంచి మనుషుల్ని పంపమన్నారు. మా ఊళ్ళో కుర్రవాళ్ళకు తీరిక లేదు. ఆడవాళ్ళకు మిరపకాయల కోత. తిరిగి తిరిగి అది నా మీద పడింది.

నాకు ఒళ్ళు మండింది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. కీర్తనల పుస్తకంలో అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం పట్టుబడింది. తర్వాత పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదిలిపెట్టలేదు. మా మేనత్త బైబిలు స్త్రీగా సువార్త చెబుతూ ఊరూరూ నడిచింది. ఆమెకు సంతకం పెట్టడం రాదు. ఏ గుమ్మం ముందు ఆగినా ముందు మంచినీళ్ళు అడిగేది, ఆ ఇంటి కష్టమంతా వినేది, ఆ తర్వాతే నోరు విప్పేది. ఆమెకు ఎవడిచ్చాడు శిక్షణ? ఇట్లా గొణుగుతూనే సంచి సర్దాను. వద్దంటే పోకుండా ఉండొచ్చు. పోకపోతే అక్కడేం చెప్పారో తెలియక నిద్ర పట్టదు.

రత్నమ్మ ఇంట్లో బస

వచ్చినవాళ్ళకు విశ్వాసుల ఇళ్ళలోనే బస ఏర్పాటు చేశారు. మా వైపు ఇంటికి మనిషి వస్తే కోడిని కోస్తారు. నంద్యాలలో ముందు ఫ్యాను వేస్తారు. నన్ను పంపిన ఇల్లు రత్నమ్మది. యాభై దాటిన మనిషి, అంగన్‌వాడీలో పనిచేస్తుంది. మొదటి మాటకే నన్ను మామా అనేసింది.

ముందు గదిలో మంచం మీద వాళ్ళమ్మ శాంతమ్మ. నాకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. లేవలేదు గానీ నోరు మాత్రం బాగా లేస్తుంది. నేను కూర్చోక ముందే, “పండ్లుండాయా నీకు?” అని అడిగింది. ఉన్నాయన్నాను. “అయితే జొన్నరొట్టె తింటావు. ల్యాకుంటే పాలల్లో నానేసి పెట్టమందామనుకున్యా” అంది. రొట్టె, గోంగూర పచ్చడి, పైన గట్టి పెరుగు. పట్నంలో ఉన్నా రత్నమ్మ రొట్టె తట్టే చెయ్యి పల్లెదే.

తిన్నాక ఆ ఇంటి సంగతి తెలిసింది. శాంతమ్మ కొడుకు లూకన్న ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక షెడ్డులో రాళ్ళకు నునుపు పెట్టే పని చేస్తాడు. కొన్నేళ్ళ కిందట ప్రభువు బల్ల, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం, రొట్టె పళ్ళెం వరుసగా వస్తూ వస్తూ అతని ముందు నుంచి పక్కవాడికి వెళ్ళిపోయింది. వెనకే గిన్నె కూడా అట్లాగే వెళ్ళింది. విగ్రహాల పని మానేదాకా ఇవ్వనని అయ్యగారి నిర్ణయం. అయ్యగారంటే ఈ శిక్షణ పెట్టిన సంఘం కాపరి. ఆడవాళ్ళ వైపు కూర్చున్న శాంతమ్మ అదంతా కళ్ళారా చూసింది. ఆ రోజు నుంచి లూకన్న గుడికి రాలేదు. ఈమె గుడికి వచ్చింది గానీ బల్లలో చెయ్యి వెయ్యలేదు. మంచాన పడ్డాక నెలనెలా మొదటి ఆదివారం అయ్యగారే ఇంటికి రొట్టె, ద్రాక్షరసం తెస్తున్నాడు. ఈమె గోడవైపు తిరిగి పడుకుంటుంది. కొడుక్కివ్వనిది తనకొద్దంటుంది.

డాక్టరు ఇక ఎక్కువ రోజులు ఆశ పెట్టుకోవద్దన్నాడట. రత్నమ్మ వంటింట్లో నా చెంబులో నీళ్ళు పోస్తూ గొంతు తగ్గించి చెప్పింది.

“వాడు దేవున్నే వదిలేసినాడు మామా. ఫోన్‌లో మాట్లాడితే రాయి పెట్టి కొట్టినట్టు మాట్లాడ్తాడు. ఈ శిక్షణలో నాలుగు గట్టి జవాబులు నేర్సుకుంటే, అమ్మ పోయేలోపల వాన్ని మళ్ళీ నమ్మించొచ్చని చేరినా.”

ఆమె లెక్క సూటిగా ఉంది. ముందు తమ్ముడికి నమ్మకం రావాలి, తర్వాత ఆ పని మానాలి, అప్పుడు బల్ల. తల్లి ఊపిరి ఉండగానే ఇవన్నీ కావాలి. నాకు ఆ పూట నిద్ర సరిగా పట్టలేదు. ఫ్యాను చప్పుడని సరిపెట్టుకున్నాను.

ఎర్ర కుర్చీ

శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి వచ్చినవాడు ముప్పై దాటని యువకుడు. ల్యాప్‌టాప్ తీసి గోడ మీద బొమ్మలు వేస్తూ చెప్పాడు. అయ్యగారు ముందు వరుసలో ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కాళ్ళు చాచుకున్నాడు. మోకాళ్ళు అరిగిపోయాయట. మా ఊరి గుడిలో ఇంకా చాపలే. ఇక్కడ అందరికీ కుర్చీలు, చెప్పులు మాత్రం బయటే. మొదటిపూటే నా చెప్పులు ఎవరో వేసుకుపోయారు. వాటికి బదులు మిగిలిన జత నా మడమ సగమే పట్టింది. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అవే ఈడ్చుకుంటూ తిరిగాను.

ఉన్నమాట చెప్పాలి. అబ్బాయి బాగా చెప్పాడు. ప్రభువు తిరిగి లేచాడనడానికి ఆధారాలేమిటి, పాత రాతప్రతులను ఎట్లా పోల్చి చూస్తారు, మంచివాడైన దేవుడి లోకంలో ఇంత కష్టం ఎందుకు, అన్ని దారులూ ఒకచోటికే పోతాయంటే ఏమనాలి, ఒక్కొక్కటే విడమరిచి చెప్పాడు. గెలవడానికి మాట్లాడొద్దన్నాడు. అడిగినవాడి ప్రశ్న మొత్తం విని, అది మన మాటల్లో తిరిగి చెప్పి, ‘మీరడిగింది ఇదేనా’ అని కనుక్కున్నాకే జవాబివ్వమన్నాడు. మా మేనత్త మంచినీళ్ళు గుర్తొచ్చాయి. కొంచెం మెత్తబడ్డాను. అంతలోనే, ఇవన్నీ ఈ కాలం కొత్త ప్రశ్నలండీ అన్నాడు. మళ్ళీ ఒళ్ళు మండింది. వాళ్ళ నాన్న పుట్టకముందే వీటిని నేను మా ఊరి టీ బంకు దగ్గర విన్నాను.

మధ్యాహ్నం అభ్యాసం. ఒకరు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో అవిశ్వాసిగా కూర్చోవాలి. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మాట్లాడాలి. ఎవరూ కదలలేదు. నా ముఖం చిటపటలాడుతూ ఉండడం చూసి కాబోలు, ఆ అబ్బాయి నన్ను పిలిచాడు.

కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా నన్ను అడిగినవాళ్ళందరూ నా నోట్లోకి వచ్చి కూర్చున్నారు. కరువు ఏడాది మీ ప్రార్థనకూ వాన రాలేదు, మా పూజకూ రాలేదు, ఇంక తేడా ఏముందని అడిగాను. ఈ సువార్త రాకముందే చచ్చిపోయిన మా తాతముత్తాతలను మీ దేవుడు ఏం చేస్తాడని అడిగాను. బియ్యం కోసం చేరినోళ్ళ మాట మేమెందుకు వినాలని అడిగాను. ఆ ఎత్తిపొడుపు చిన్నప్పుడు నేను మొహం మీద విన్నదే. మేం చేరిన ఏడు మా ఇంట్లో గంజి కూడా లేదు, బియ్యం ఎవడిచ్చాడో ఇప్పటికీ వెతుకుతున్నాను. అయినా ఆ కుర్చీలో కూర్చుని నేనే దాన్ని ఇంకొకరి మీదకు విసిరాను. పిల్లలు, టీచర్లు, ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగి, ఎవరూ నిలబడలేకపోయారు. అందరూ నవ్వుకుంటున్నారు. రత్నమ్మ వంతు వచ్చింది. ఆమె నవ్వలేదు. నాలుగు మాటలు మొదలుపెట్టి, ఆగి, అందరి ముందూ కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం దారిలో అడిగింది, ఆళ్ళగడ్డకు తనతో రమ్మని. నిన్ను మించి వాడు అడగలేడు, నీకు జవాబులు కూడా తెలిసుంటాయంది. పొంగిపోయి సరే అన్నాను. కానీ ఆ కుర్చీ నుంచి లేచాక కూడా ఆ ప్రశ్నలు నా మీద నుంచి దిగలేదు. వేరేవాళ్ళ చొక్కా తొడుక్కుంటే దురద అంటుకున్నట్టు అయింది. రత్నమ్మ వాళ్ళ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఊరికే తిరిగాను. శాంతమ్మ మంచం మీద నుంచే కిటికీలోంచి చూసి, ఏం పోగొట్టుకున్నావని అడిగింది. చెప్పులని చెప్పాను.

ఆళ్ళగడ్డ బస్సు

శనివారం అందరినీ జంటలుగా బయటికి పంపారు. మేమిద్దరం ఆళ్ళగడ్డ బస్సెక్కాం. అహోబిలం పోయే భక్తులతో బస్సు కిక్కిరిసి ఉంది. ఎడమ పక్కన నల్లమల కొండలు మనతోపాటే వస్తున్నట్టు ఉంటాయి. ఎంత చూసినా ముందుకు కదలవు. రత్నమ్మకు కొండలు పట్టలేదు. పాఠం అప్పజెప్పే పిల్లలా ఆధారాలు, సాక్షులు, ఖాళీ సమాధి, రాతప్రతులు అని నాకు ఒప్పజెబుతోంది.

వెనక సీట్లో పరుపులు కుట్టే మస్తాన్ అనే అతను, దూది మూట ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు విని విని ముందుకు వంగాడు.

“ఏం కేసమ్మా ఇది? ఆస్తి తగాదానా? సమాధి యాడుంది, మీ పొలంలోనా?”

రత్నమ్మకు నవ్వొచ్చింది. ఆ రెండు రోజుల్లో అదే మొదటిసారి. కేసు కాదని, తమ్ముడికి దేవుడి మీద నమ్మకం పోతే తిరిగి చెప్పడానికి పోతున్నామని అన్నాను. మస్తాన్ తల ఊపాడు. వాళ్ళ అన్న కూడా నమాజు మానేశాడట. కారణం అడిగితే మసీదు మెట్ల దగ్గర ఎవరో అన్న మాట అని తేలిందట. ఆ మాట ఏమిటో చెప్పేలోపే అతను దిగే ఊరొచ్చింది. మూట దించుకుంటూ, మీ తమ్మున్ని బాగా అడుగమ్మా అని మాత్రం అన్నాడు. ఆ మాటేమిటో తెలియక మిగిలిన దారంతా అదే నన్ను తొలిచింది.

ఆళ్ళగడ్డలో దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. మా ఊరికంటే పది ఎక్కువ. కానీ బొరుగులు నానబెట్టడంలో, పప్పుల పొడి చల్లడంలో మా ఊరివాళ్ళు వీళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. రత్నమ్మ సగం వదిలేసింది. ఆ సగం నేనే తిన్నాను.

రాళ్ళ షెడ్డు

రోడ్డు పక్కనే రేకుల షెడ్డు. బయట వరుసగా రాతి దేవతలు. కొందరికి ముఖం ఇంకా రాలేదు. కొందరి చేతులకు గోనె చుట్టి ఉంది. మిషన్ల చప్పుడులో మనిషి మాట వినపడదు. తెల్లటి పొడిలో ఎవరెవరో పోల్చుకోలేం. రత్నమ్మ చెయ్యెత్తి చూపించిన మనిషి ఒక నల్లరాయి మీద నీళ్ళు పోస్తూ, గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. రెప్పల మీద కూడా పొడి. అక్కను చూసి లేచాడు గానీ దగ్గరకు రాలేదు.

“ఏందక్కా, అమ్మకేమన్నా అయిందా?”

ఏమీ కాలేదని, మాట్లాడాలని వచ్చామని చెప్పింది. నన్ను పెద్దాయన అని, మిడుతూరు నుంచి వచ్చానని చెప్పింది. అతను నా చేతిలోని బైబిలు చూసి, “తెలిసింది లే. కూసోండి. అన్నం యేళయింది” అన్నాడు.

మేం అక్కడున్న ఒక రాతి దిమ్మె మీద కూర్చున్నాం. రత్నమ్మ పెదవులు కదులుతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తు చేసుకుంటోంది. నేను కూడా గొంతు సవరించుకుని, సృష్టి నుంచా, సమాధి నుంచా అని చూసుకుంటున్నాను. లూకన్న డ్రమ్ము దగ్గర మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. కేరియరు విప్పాడు. అన్నం, పప్పుచారు. కళ్ళు మూసుకున్నాడు.

ప్రార్థన చేసుకున్నాడు. మమ్మల్ని చూసి చేసిన ప్రార్థన కాదు. రోజూ నడిచిన దారిలో నడిచినట్టు చేశాడు. అన్నానికి స్తోత్రం చెప్పాడు. అమ్మకు నొప్పులు తగ్గించమన్నాడు. అక్క పేరు చెప్పాడు. షెడ్డు యజమాని కూతురి కాన్పు సుఖంగా జరగాలన్నాడు. చివర్న, అయ్యగారి మోకాళ్ళు బాగు చెయ్యి తండ్రీ అన్నాడు. ఆమేన్ చెప్పి ముద్ద కలిపాడు.

మేమిద్దరం జవాబులన్నీ నోట్లో పెట్టుకుని కూర్చున్నాం.

రత్నమ్మే ముందు తేరుకుంది. నువ్వు దేవుణ్ణి వదల్లేదా అని అడిగింది. అతను ముద్ద నోటి దగ్గర ఆపి చూశాడు.

“దేవుడుండాడా లేడా అని నేనెవరినన్నా అడిగినానా అక్కా? నా ముందర్నించి పళ్ళెం పక్కకు పాయ. అంతకుముందు ఒక్క మాట చెప్పలే. ఒక్క మాట అడగలే. అమ్మ సూస్తాండ్య. అది అడిగినా నేను. దానికేం తెచ్చినారు మీరు?”

నేను తెచ్చిన వాటిలో దానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఎర్ర కుర్చీలో కూర్చున్నవాణ్ణి కదా, ఏదో ఒకటి అనబోయాను. విగ్రహాల పని గురించి వాక్యం ఏం చెప్తోందో తీయబోయాను. అతను మధ్యలో ఆపలేదు. అంతా విన్నాడు. ఆ పని సరైనదో కాదో తనకూ తెలీదన్నాడు. వేరే పని చూపించి మానమంటే ఆ రోజే మానేవాణ్ణని, ఇద్దరు పిల్లలతో ఏం తిని మానాలని అడిగాడు. నన్ను దెబ్బ కొట్టాలని అడిగింది కాదు. నిజంగానే అడిగాడు. ఆ పని సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. తేలినట్టు రాయలేను.

రత్నమ్మ తల్లి పరిస్థితి చెప్పింది. డాక్టరు మాట కూడా చెప్పింది. అతను చాలాసేపు కేరియరు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మళ్ళీ తీశాడు. రేపొస్తానన్నాడు. అమ్మ దగ్గరికే, గుడికి కాదన్నాడు.

మళ్ళీ నంద్యాల

సాయంత్రం అందరూ తమ తమ అనుభవాలు చెప్పాలి. ఒకరు పళ్ళ బండివాడితో మాట్లాడారు. ఒకరు కాలేజీ పిల్లలతో. హైదరాబాదు అబ్బాయి బోర్డు మీద రాసుకుంటున్నాడు. మా వంతు వచ్చింది. రత్నమ్మ లేవలేదు. నేను లేచాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

అయ్యగారు వెనక్కి తిరిగి, “పెద్దాయనా, అది సంఘం లోపలి సంగతి. ఈ శిక్షణ బయటోళ్ళ కోసం” అన్నాడు.

“బయటికి పంపింది మనమే గదా అయ్యగారూ” అన్నాను.

గొంతు పెరిగింది. పెరగకూడదు, పెరిగింది. పక్కింటివాడి ప్రశ్న చివరిదాకా వినడం ఎట్లాగో రెండు రోజులు నేర్చుకున్నాం, మన పక్కన కూర్చున్నవాణ్ణి ఒక్క మాట అడక్కుండానే పళ్ళెం జరిపేశాం అన్నాను. అయ్యగారు నాతో సమంగా గొంతు పెంచలేదు. విగ్రహాన్ని చేసే చేతిలో ఆ రొట్టె పెడితే రేపు తను దేవుడికి జవాబు చెప్పుకోవాలన్నాడు. అందులో నటన లేదు. ఆయనకూ అది బరువే. అప్పుడు నేను లూకన్న ప్రార్థన సంగతి చెప్పాను. మోకాళ్ళ మాట వినగానే వెనక వరుసలో ఎవరో నవ్వారు. అయ్యగారు కుర్చీ మీద నుంచి కాళ్ళు దించాడు.

హైదరాబాదు అబ్బాయి చేతిలోని సుద్దముక్క కింద పెట్టేసి, ఈ ప్రశ్నకు నా దగ్గర స్లైడు లేదండీ అన్నాడు. ఆ ఒక్క మాటతో అతను నాకు నచ్చాడు.

ఆదివారం

ఆరాధన అయ్యాక సంచి తీసుకుని వెళ్ళొస్తానని చెబుదామని రత్నమ్మ ఇంటికి తిరిగొచ్చాను. లూకన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తలస్నానం చేసినా చెవుల వెనక తెల్లటి పొడి అట్లాగే ఉంది. శాంతమ్మ చెయ్యి అతని తల మీద ఉంది.

నెలలో మొదటి ఆదివారం. అయ్యగారు వస్తాడని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను కూర్చున్నాను, లేచాను, గుమ్మం దాకా పోయాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. కాసేపటికి ఆయన చిన్న చెక్కపెట్టెతో వచ్చాడు. గుమ్మంలోనే లూకన్నను చూసి ఆగాడు. ఇతను లేచి నిలబడి వందనాలన్నాడు. ఆయన వందనాలన్నాడు. అంతే.

ఒక మనిషికి సరిపడా తెచ్చాడు. ఒక రొట్టె ముక్క, బొటనవేలంత గిన్నెలో రసం. ప్రార్థన చేసి రొట్టె శాంతమ్మ చేతికిచ్చాడు. ఆమె గోడవైపు తిరగలేదు, తీసుకుంది. రత్నమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. అంతలో శాంతమ్మ ఆ ముక్కను రెండుగా విరిచి ఒకటి కొడుకు అరచేతిలో పెట్టింది. అతను తినలేదు. గుప్పిట మూసుకోలేదు. చెయ్యి అట్లాగే తెరిచి పట్టుకుని అయ్యగారి వైపు చూశాడు.

అయ్యగారు ఆ చేతిని చూసి అడిగాడు.

“ఇప్పుడు యాడ పని చేస్తాండావు లూకన్నా?”

“ఆడే అయ్యగారూ. ఆ రాళ్ళ దగ్గరే.”

“ఎవరన్నా నిన్ను ముందుగాల ఇట్లా అడిగినారా?”

“ల్యా.”

“నేనే అడగాల్సింది” అన్నాడు ఆయన. తర్వాత వంటింటి వైపు తిరిగి, ఇంకో గ్లాసు ఉంటే తెమ్మని రత్నమ్మకు చెప్పాడు. ఆమె చేతికి ఏది దొరికితే అది, పెద్ద స్టీలు గ్లాసు తెచ్చింది. అయ్యగారు ఆ బుల్లి గిన్నెలోది సగం అందులోకి వంచాడు. గ్లాసు అడుగు కూడా సరిగా తడవలేదు. లూకన్న దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. అది చూశాకే శాంతమ్మ తన ముక్క నోట్లో వేసుకుంది.